బల్ల మీది మూడు దారుల పాయింటు

వేలుపుమెట్ట జంక్షనులో రైళ్ళు ఆగే చోటికి కాస్త ఆవలగా, ఏ రైలూ ఆగని చోట, రైల్వే వారి శిక్షణాలయం ఒకటి ఉంది. స్టేషన్ మాస్టర్లు కాబోయేవారు అక్కడికి వచ్చి, రైలును ఎలా పంపాలో, ఎలా ఆపాలో, ఆపినందుకు సంజాయిషీ ఎలా రాయాలో నేర్చుకొని వెళతారు. మొదటి రెండూ నేర్పడానికి ఒక నమూనా గది ఉంది. మూడోది నేర్పడానికి మిగిలిన భవనమంతా ఉంది.

నమూనా గదిలో గోడ నుంచి గోడ దాకా ఒక పొడుగాటి బల్ల. బల్ల మీద వేలెడు వెడల్పు పట్టాలు, అగ్గిపెట్టెంత స్టేషను, ఆ స్టేషనులో రాని బండి కోసం ఏళ్ళ తరబడి నిలబడి ఉన్న గోరంత ప్రయాణికులు. వీళ్ళందరికీ పెద్దదిక్కు మందలపర్తి వకుళ అనే బోధకురాలు. మనిషి నెమ్మది, మాట మరీ నెమ్మది. తరగతిలో తప్ప మరెక్కడా ఆమెకు మాట పెగలదు. చెప్పవలసింది ముందు మనసులో కూర్చుకొని, సరిదిద్దుకొని, సరిదిద్దినదాన్ని మళ్ళీ ఒకసారి సవరించుకొని తల ఎత్తేసరికి ఎదుటివారు భోజనానికి వెళ్ళిపోయి ఉంటారు.

కిందటి వానల్లో కప్పు కారి బల్ల ఒక కొస ఉబ్బింది, పుచ్చింది. వడ్రంగి వచ్చి ఆ కొసను కోసి పట్టుకుపోయాడు. ఒకే పట్టా కొంత దూరం వెళ్ళి రెండుగా చీలి, మరికొంత దూరం వెళ్ళి మళ్ళీ చీలి మూడు దారులయ్యే యార్డు ఉండవలసిన చోటు ఆ కొసే. యార్డు లేని స్టేషనులో పాఠం లేదు. పాఠం లేని బల్లకు బతుకు లేదు. ఎందుకంటే పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది: మార్చి నెల ముగిసేలోగా "వినియోగంలో ఉన్నది" అని ధ్రువీకరణ పొందని బోధన సామగ్రినంతా తుక్కు కింద వేలం వేయాలి, ఆ గదుల్లో గోడంత తెరలు బిగించాలి, ఇక మీదట రైళ్ళు ఆ తెరల మీదే నడవాలి. తెర మీద వేలితో తాకితే బండి దారి మార్చే పాయింటు తిరుగుతుంది, నిజమే. కాని తప్పు తిప్పినా వేలికి ఏమీ తెలియదు. మీట లాగిన చెయ్యి మరిచిపోదని వకుళ నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమె ఎవరితోనూ అనలేదు గాని, దాని కోసం సాయంత్రాలన్నీ ధారపోసింది.

చోటు ఒక్క పాయింటుకే ఉంది, దారులు మూడు కావాలి. అందుకని మూడు దారులూ ఒకే చోట విడిపోయే పాయింటును ఆమె స్వయంగా తయారు చేసింది. మామూలు పాయింటుకు కదిలే పట్టాముక్కలు రెండుంటాయి. నాలుకల్లా సన్నగా ఉంటాయి గనక వాటిని నాలుకలంటారు. మూడు దారుల పాయింటుకు అవి నాలుగు. ఒక జత బండిని ఎడమకు తిప్పుతుంది, ఇంకో జత కుడికి తిప్పుతుంది, రెండూ ఊరుకుంటే బండి తిన్నగా పోతుంది. ఆకురాయి పట్టి ఆ నాలుకలను కాగితమంత పలచగా అరగదీసింది. ఒకటి విరిగితే ఇంకొకటి, అది వంగితే మరొకటి. పట్టాలను వాటి కింది రాగిపూత చెక్కలకు టంకంతో అతికించే వేళ ఆమె ఊపిరి బిగబట్టేది, గదిలో ఫ్యాను కూడా ఆపేది. రెండు జతలూ ఒకేసారి కదిలితే బండి ఎటూ కాకుండా పోతుందని, రెండు మీటల నడుమ ఒక చిన్న చెక్కబద్ద అమర్చింది. ఒక మీట లాగితే ఆ బద్ద జరిగి రెండోదాన్ని అడ్డుకుంటుంది. అన్నీ అమరిన సాయంత్రం ఇంజనును వదిలితే, అది ఎడమకు పొమ్మంటే ఎడమకు పోయింది, కుడికి పొమ్మంటే కుడికి పోయింది, తిన్నగా పొమ్మంటే తల తిప్పకుండా పోయింది. చెప్పిన మాట విన్నవాళ్ళు ఆ శిక్షణాలయంలో అంతకుముందు ఎవరూ లేరేమో, వకుళకు కళ్ళు చెమర్చాయి.

మర్నాడు ప్రిన్సిపాలు నరహరిరావు గారిని పిలిచి చూపించింది. ఆయన మంచివాడు. ఆయనకున్న భయం ఒక్కటే, సంతకం.

"బాగుందమ్మా వకుళా. చాలా బాగుంది. బాగుందని నోటితో ఎన్నిసార్లు అనమన్నా అంటాను. కాగితం మీద మాత్రం నన్ను అడక్కు."

"వినియోగంలో ఉందని ఒక్క ముక్క రాసిస్తే చాలు సార్."

"రాయొచ్చు. కాని ఇది పాయింటు గదా. రైల్వే ఆవరణలో కొత్తగా వేసిన ఏ పాయింటైనా సరే, భద్రతాధికారి చూడకుండా వినియోగంలోకి రాకూడదని నిబంధన. ఏ పాయింటైనా అంటే ఇదీ వస్తుందేమో. రాదేమో కూడా. ఎందుకొచ్చింది, ఆయన్నే అడుగుదాం."

అడిగారు. అడగకపోతే రాని జవాబు, అడిగారు గనక వచ్చింది.

భద్రతాధికారి త్రివిక్రమరావు గారు ఇద్దరు సహాయకులతో, ఒక పొడవాటి కొలత టేపుతో దిగారు. బల్ల చుట్టూ ఒకసారి ప్రదక్షిణంగా తిరిగి, వంగి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకొని, ఇంజను వంక చాలాసేపు చూశారు. ఆ చూపు అధికారి చూపులా లేదని వకుళకు ఒక్క క్షణం అనిపించింది. ఆయన వెంటనే గొంతు సవరించుకున్నారు.

"ఇది బొమ్మ గదా సార్" అన్నది వకుళ, ఉదయం నుంచి కూర్చుకున్న మాట.

"బొమ్మ అనే పదం మన నియమావళిలో లేదమ్మా. పాయింటు అనే పదం ఉంది. పాయింటు ఎంత ఉండాలో నియమం చెప్పలేదు. కొలత చెప్పలేదంటే అన్ని కొలతలకూ వర్తిస్తుందన్నమాట. ఆకారం వేరు, అధికార పరిధి వేరు. ఆకారం చూసి జాలిపడితే వ్యవస్థ ఏమైపోవాలి?"

"అయితే మార్చిలోగా అనుమతి వస్తుందా సార్?"

"తప్పక వస్తుంది. షరతులకు లోబడి."

షరతులు ఒకదాని వెనక ఒకటిగా గూడ్సు పెట్టెల్లా వచ్చాయి. కొత్త పాయింటు మీద బండి గంటకు పది కిలోమీటర్లు మించి పోరాదని మొదటిది. వకుళ ఇంజను ప్రాణం పెట్టి పరుగెత్తినా చీమను దాటగలదు గాని బల్లిని దాటలేదు. అయినా ఆ సంగతి తెలిపే హెచ్చరిక బోర్డు ఉండాలి, అదీ పాయింటుకు చాలా ముందుగా ఉండాలి. సహాయకులు టేపు పట్టి కొలుచుకుంటూ గది గోడ దాటారు, కాంటీను దాటారు, ప్రిన్సిపాలు గారి పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర తేలారు. నిలువెత్తు పసుపు బోర్డు అక్కడే పాతారు. ఆ రోజు నుంచి ఆ ఇంటి పనిమనిషి బట్టలు ఆరేయడానికి మెల్లగా వెళుతోందని, అడిగితే బోర్డు చూపిస్తోందని ప్రిన్సిపాలు గారి భార్య ఫిర్యాదు.

ఇంజనుకు డ్రైవరు ఉండాలని రెండో షరతు. అసలు రైళ్ళు నడిపే ఒకాయన్ని తెచ్చి, గొట్టంలో ఊపిరి ఊదించి, తాగలేదని తేలాక అరచేతిలో పట్టే స్విచ్చు పెట్టె చేతికిచ్చారు. పాయింటు దగ్గర పాయింట్స్‌మన్ ఉండాలని మూడోది. ఆ పనికి యార్డు నుంచి పైడమ్మ వచ్చింది. ఉద్యోగం పేరు పాయింట్స్‌మన్ అయినా మనిషి పైడమ్మే. విజయనగరం వైపు మనిషి. ఎర్రజెండా, పచ్చజెండా చంకలో పెట్టుకొని వచ్చి, బల్ల ముందు నిలబడి, ఇంజనును చూసి, జెండాను చూసి, వకుళను చూసింది.

"ఏటి వకులమ్మా, దీనికి జెండా ఊపమంతారా? ఊపితే ఆ గాలికే ఇంజను ఎగిరిపోద్ది."

"మెల్లగా ఊపు పైడమ్మా."

"మెల్లగా ఊపితే కనపడనేదంతారు, గట్టిగా ఊపితే బండి పడ్డాదంతారు. రెండిట్లోనూ మెమో నాకే. పోనీలెండి, ఇన్నేళ్ళూ ఎండలో సచ్చాను. ఇప్పుడు ఫేను కింద డూటీ. బండి సిన్నదైతేటి, జీతం సిన్నదవదు గదా."

వీటినన్నిటినీ వకుళ భరించింది. మార్చి దగ్గర పడుతోంది, ధ్రువీకరణ ఒక్కటి చేతికొస్తే చాలు. తుక్కు కొనే ఆసామి అప్పటికే ఒకసారి వచ్చి, బల్ల కాళ్ళు టేకువేనా అని గోటితో గీరి చూసిపోయాడు. కాని ఆఖరి షరతు అలా భరించదగ్గది కాదు.

"తుది పరిశీలన ముగిసేదాకా పాయింటుకు తాళం వేసి ఉంచాలి" అన్నారు త్రివిక్రమరావు గారు. సహాయకుడు సంచిలోంచి ఇనుప తాళం తీశాడు. ఇత్తడి ముద్ర, గుప్పెడంత కప్ప. బల్ల మీద పెడితే స్టేషను భవనం దాని పక్కన కాపలా గుడిసెలా కనిపించింది.

వకుళ ఈసారి సవరించుకోకుండానే మాట్లాడింది. "సార్, ఆ తాళం ఇంజను కంటె బరువు. నాలుకలు కాగితంలా ఉంటాయి. వంగిపోతాయి. రెండు మీటలూ ఒకేసారి కదలకుండా చెక్కబద్ద పెట్టాను, చూడండి, ఇదిగో."

"చెక్కబద్ద నియమావళిలో ఉందా?"

"లేదు సార్."

"తాళం ఉంది. చూడమ్మా, బరువు లేని భద్రత భద్రత కాదు. అది ఆశ."

తాళాన్ని నేరుగా తగిలించడానికి వీలుపడలేదు. సన్నటి తీగతో నాలుకకు కట్టి వేలాడదీశారు. తాళంచెవి ఒకటి త్రివిక్రమరావు గారి జేబులో, రెండోది సీలు వేసిన కవరులో.

తుది పరిశీలన రోజున గది కళకళలాడింది. బల్లకు మామిడాకులు కట్టారు. స్టేషన్ మాస్టర్లు కాబోయేవారిని పట్టాలకు సురక్షిత దూరంలో నిలబెట్టాలన్నారు గనక, వాళ్ళు వరండాలో నిలబడి కిటికీ ఊచల్లోంచి తొంగి చూస్తున్నారు. త్రివిక్రమరావు గారు కొబ్బరికాయ కొట్టారు. పైడమ్మ ఊపిరి బిగబట్టి పచ్చజెండాను మూర కన్నా తక్కువ మేర ఊపింది. డ్రైవరు స్విచ్చు తిప్పాడు. ఇంజను రెండు పెట్టెలను లాక్కుంటూ, చిన్నగా గురగురలాడుతూ బయలుదేరింది. తిన్నగా పోవలసిన బండి. తాళం వేలాడే చోట నాలుక వెంట్రుకవాసి వంగి ఉండడం వకుళ చూసింది. నోరు తెరిచింది. అంతలో ఇంజను ముందు చక్రం ఆ సందులో దిగింది, వెనక పెట్టె పక్కకు ఒరిగి ప్లాట్‌ఫారం మీది గోరంత జనం మీద పడింది.

పైడమ్మ వంగి రెండు వేళ్ళతో పెట్టెను ఎత్తబోయింది.

"ముట్టుకోవద్దు" అన్నారు త్రివిక్రమరావు గారు. ఆయన గొంతులో ఒక వెలుగు ఉంది. ఉద్యోగమంతా ఏ ఘడియ కోసం శిక్షణ పొందారో ఆ ఘడియ వచ్చింది. "ఇది పట్టాలు తప్పడం. పట్టాలు తప్పితే ఏం చెయ్యాలో రాసి ఉంది. నరహరిరావు గారూ, సైరను."

సైరను మోగింది. అది మోగితే ఊరంతటికీ తెలుసు, ఎక్కడో బండి పడింది. కాంటీనులో టీ గ్లాసులు ఆగాయి, జంక్షనులో పోర్టర్లు పరుగెత్తారు, షెడ్డులోంచి క్రేనుతో సహాయక రైలు పొగలు కక్కుతూ బయలుదేరింది. దానికి దారి ఇవ్వడం కోసం, అటు నుంచి వస్తున్న మెయిలును ఊరి బయటే ఆపేశారు. మెయిలులో జనం దిగి పట్టాల పక్కన నిలబడి గార్డును నిలదీశారు.

"ఎందుకు ఆపారయ్యా?"

"ముందు యాక్సిడెంటైందండి."

"ఎక్కడ?"

"బల్ల మీదంట."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బల్లమీద అనే ఊరు ఎక్కడుందో ఎవరికీ గుర్తుకు రాలేదు గాని, మృతుల కుటుంబాలకు ఒక పెద్దాయన అక్కడే సానుభూతి తెలిపాడు.

క్రేను శిక్షణాలయం గోడ దాకా వచ్చి ఆగిపోయింది, తలుపులో పట్టలేదు. స్ట్రెచరు మోసుకొని డాక్టరు గారు మాత్రం లోపలికి పరుగెత్తుకొచ్చారు. "గాయపడినవాళ్ళెక్కడ?" అని అడిగి, పైడమ్మ వేలు చూపించిన వైపు చూసి, నిట్టూర్చి, జేబులోంచి భూతద్దం తీశారు. సంచీ పట్టుకున్న ఒక ప్రయాణికుడికి చెయ్యి విరిగింది. మిగిలినవారు బోర్లా పడ్డారే తప్ప క్షేమం. సైరను మోగింది గనక డాక్టరు గారు ఏదో ఒకటి రాయక తప్పలేదు. "ఒకరికి తీవ్ర గాయం. రోగి మౌనంగా ఉన్నాడు" అని రాశారు. క్రేను సమక్షంలో పెట్టెను చేత్తో ఎత్తడమైనదని త్రివిక్రమరావు గారు నివేదిక రాయించి, పైడమ్మకు సైగ చేశారు.

వకుళ ఆ సాయంత్రం బల్ల పక్కన స్టూలు మీద కూలబడింది. ధ్రువీకరణ రాదు. మార్చి ఆగదు. కిటికీ అవతల తుక్కు ఆసామి లారీ అడ్డాకు ఫోను చేస్తున్నాడు.

అయితే ఉత్తర్వులు ఎప్పుడూ ఒంటరిగా ఉండవు. ఒక ఉత్తర్వు చంపబోతే ఇంకొకటి అడ్డం వస్తుంది. ప్రమాదం జరిగిన చోట, విచారణ ముగిసేదాకా, విచారణ సంఘం తప్ప మరెవరూ ఏ వస్తువునూ కదపరాదని నియమం. మార్చి చివర తుక్కు ఆసామి లారీతో, నలుగురు కూలీలతో వచ్చేసరికి, గది గుమ్మానికి ఎర్రతాడు, తాడు ముందు కుర్చీ, కుర్చీలో పైడమ్మ.

"బల్ల ఇచ్చెయ్యమని కాగితం ఉందమ్మా" అన్నాడతను.

"నా కాడా ఉంది కాగితం. ఇక్కడ బండి పడ్డాది. కేసు తేలీదాకా బల్ల కాదు గదా, బల్లి కూడా ఇక్కణ్ణించి కదలడానికి నేదు. ఎల్లి రండి బాబూ."

విచారణ సంఘంలో ముగ్గురు. అధ్యక్షులు త్రివిక్రమరావు గారు, పట్టాల శాఖ నుంచి ఒకరు, ఇంజన్ల శాఖ నుంచి ఒకరు. పట్టాలు నిర్దోషమని పట్టాల శాఖ వారు, ఇంజను నిర్దోషమని ఇంజన్ల శాఖ వారు మొదటి రోజే వేర్వేరుగా రాసిచ్చేశారు. ఇక మిగిలింది నిజం ఒక్కటే. దాన్ని కనుక్కోవడానికి ప్రమాదాన్ని మళ్ళీ జరిపించి చూడాలి. తాళాన్ని, భద్రత పాటించామనడానికి రుజువుగా, గుడ్డలో చుట్టి, లక్క ముద్రలు వేసి, ఇనప్పెట్టెలో పెట్టారు. వకుళ నాలుకను సరిచేసింది. ఇంజనును వదిలారు. అది తిన్నగా పోయింది. మళ్ళీ వదిలారు, మళ్ళీ పోయింది. ఎడమకు తిప్పారు, కుడికి తిప్పారు, రెండు పెట్టెలతో, ఒక పెట్టెతో, పెట్టెల్లేకుండా తిప్పారు. బండి పడనే లేదు.

వకుళకు కారణం తెలుసు. చెబితే విచారణ ముగుస్తుంది, ముగిస్తే లారీ వస్తుంది. చెప్పకపోతే రాత్రి నిద్ర రాదు. ఆమె చెప్పింది.

"తాళం బరువుకు నాలుక వంగింది సార్. అందుకే పడింది."

ముగ్గురూ ఆమె వంక జాలిగా చూశారు. త్రివిక్రమరావు గారు ఓర్పుగా వివరించారు. "తాళం భద్రతా పరికరమమ్మా. ప్రమాదానికి కారణమైనదాన్ని భద్రతా పరికరమని అనగలమా? అనలేం. తాళాన్ని మనం ఏమంటున్నాం? భద్రతా పరికరమని అంటున్నాం. కాబట్టి అది కారణం కాదు. నీ వాంగ్మూలం నమోదు చేస్తాం, నీ మంచికోసం చదవం."

నిజం చెప్పినందుకు గుండె తేలికైంది, చెప్పినా గది మిగిలినందుకు ఇంకా తేలికైంది. ఆ తేలికలో ఆమెకు జీవితంలో మొదటిసారి ఒక మాట తనంతట తాను తోచింది.

"సార్, సాక్షులను విచారించలేదు. ఆ రోజు కిటికీలోంచి చూసినవాళ్ళు, మన విద్యార్థులు. పాయింటు ఎలా తిప్పాలో తెలియనివాళ్ళు పాయింటు ఎలా తప్పిందో చెప్పలేరు గదా. ఒక్కొక్కరి చేత రెండు మీటలూ లాగించి, ఆ తరువాత అడిగితే..."

"సబబుగా ఉంది" అన్నారు త్రివిక్రమరావు గారు.

అలా సాక్షుల విచారణ మొదలైంది. ప్రతి ఉదయం బెంచీలు వేసేవారు, సాక్షులు వరసగా కూర్చునేవారు, వకుళ నల్లబల్ల మీద మూడు దారులు గీసి వివరించేది, ఒక్కొక్క సాక్షీ లేచి మీట లాగేవాడు, బండి వెళ్ళిన దారిని చూసి తన వాంగ్మూలం ఇచ్చేవాడు. తప్పు చెప్పినవాణ్ణి మళ్ళీ పిలిచేవారు. ఆ జట్టు శిక్షణ ముగించుకొని వెళ్ళిపోయింది, కొత్త జట్టు వచ్చింది. వీళ్ళు ప్రమాదం చూడనే లేదు గదా అని ప్రిన్సిపాలు గారు భయపడ్డారు.

"అదే మంచిది" అన్నారు త్రివిక్రమరావు గారు. "చూడనివాళ్ళ సాక్ష్యంలో పక్షపాతం ఉండదు."

సంఘ సభ్యులు మొదట వారానికొకసారి వచ్చేవారు, తరువాత రోజూ వస్తున్నారు. స్విచ్చు పెట్టె ఎవరు పట్టుకోవాలన్న దాని మీద పట్టాల శాఖ వారికీ ఇంజన్ల శాఖ వారికీ మాటామాటా పెరిగితే, పైడమ్మ మధ్యలో నిలబడి, "ఒకలి తరవాత ఒకలు బాబూ, బండెక్కడికీ పోదు" అని సర్దిచెప్పవలసి వచ్చింది. పై కార్యాలయం నుంచి ఆలస్యానికి కారణం అడుగుతూ ఒక లేఖ వచ్చింది. "ప్రమాదం సహకరించడం లేదు" అని అధ్యక్షులు జవాబు పంపారు.

ఆ తరువాత వచ్చిన లేఖ అలాంటిది కాదు. పైన ఎవరో ఆలోచనపరుడు ఉన్నట్టున్నాడు. ఆనాడు పాయింటు మీద ఉన్న వస్తువులన్నిటినీ యథాతథంగా ఉంచి పరీక్షించారా, అన్న ఒకే ఒక వాక్యం. త్రివిక్రమరావు గారు ఆ లేఖను చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివారు. సభ్యులు వెళ్ళిపోయారు, సాక్షులు వెళ్ళిపోయారు. గదిలో వకుళ ఒక్కతే నాలుకలకు నూనె రాస్తోంది. ఆయన ఇనప్పెట్టె వంక చూశారు. బల్ల వంక చూశారు. వకుళ చెయ్యి ఆగిపోయింది. తాళం బయటికి తీస్తే ఒక్క పూటలో అంతా తేలిపోతుందని ఇద్దరికీ తెలుసు, తెలుసన్న సంగతీ ఇద్దరికీ తెలుసు.

ఆయన కలం తీసి, పెదవుల్లోనే చదువుకుంటూ జవాబు రాశారు. "సదరు తాళం సాక్ష్యాధారము. సాక్ష్యాధారమును ముద్ర విప్పి వాడినచో సాక్ష్యాధారము చెడును. చెడిన సాక్ష్యాధారముపై విచారణ నిలువదు. కావున తాళము వినా విచారణ కొనసాగించబడుచున్నది."

సంతకం చేశారు. కలం మూసి, తలుపు వంక ఒకసారి చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకొని, కుర్చీని బల్ల దగ్గరికి లాక్కున్నారు.

"అమ్మా వకుళా, విచారణ కోసం ఇంకో రెండు పెట్టెలు తగిలించడానికి వీలుపడుతుందా?"

"విచారణకు అవసరమైతే తగిలిద్దాం సార్."

"అవసరమే" అన్నారాయన, స్విచ్చు పెట్టెను రెండు చేతులతో పట్టుకొని. "ఎడమ దారి మీద ఇంకా ఏమీ తేలలేదు."

వకుళ రెండు పెట్టెలు తగిలించి, ఎడమ మీట లాగింది.